ఆముదం రాసిన మినుములు

మినుములోకి ఎక్కించాలనుకున్న ఆ జన్యువు నిలిచిందా, నిలిస్తే పొలం దాకా వెళ్ళిందా అని అడిగేవాళ్ళకు ముందే చెప్పేస్తే మంచిది. వెళ్ళలేదు. ఇలాంటి పరిశోధనలు చాలావరకు పొలంగట్టు చూడకుండానే థీసిస్‌గా మారి బీరువాలో సర్దుకుంటాయి. కాబట్టి ఇది ఆ జన్యువు కథ కాదు. రాజమండ్రిలో ఒక కాలేజీ బోటనీ ల్యాబ్‌లో గాజుసామాను కడిగిన నూకరత్నం కథ.

ఆమె ఆ ల్యాబ్‌లో చేరింది 2002 జూలై మొదట్లో. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. అంతకుముందు ఇరవై ఏళ్ళు చేపలగంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగింది. భర్త పల్లంరాజు గోదావరిలో వల వేస్తాడు, ఆయన తెచ్చింది ఈవిడ అమ్మేది. మోకాళ్ళు మొరాయించాక డాక్టరు ఇక గంప దించెయ్యమన్నాడు. దించి ఏం చెయ్యాలో మాత్రం ఆయన చీటీలో రాయలేదు. ఆ కాలేజీలో ఊడ్చే పని చేస్తున్న వాళ్ళ పేట మనిషొకామె చెప్పగా ఈ పని దొరికింది. రోజుకూలీ. ఆర్డరు కాగితం లేదు. వద్దంటే మర్నాటినుంచి రాకూడదు, అంతే. మన కాలేజీల్లో ల్యాబులు నడిచేది ఇలాంటి ఆర్డరు లేని మనుషుల చేతుల మీదే. అయినా నీడపట్టున కూర్చుని చేసే పని ఆమెకు జీవితంలో అదే మొదటిది. మొదటిరోజు స్టూలు మీద కూర్చోమంటే, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారోనని మధ్యాహ్నం దాకా నిలబడే కడిగిందట.

ల్యాబ్‌లో పని హైమది. హైమ రీసెర్చ్ స్కాలర్, పాతికేళ్ళ పిల్ల. డెల్టాలో వరి కోతలయ్యాక ఆ తడి నేలలోనే మినుము పండిస్తారు. దానికి పల్లాకు తెగులు పట్టిందంటే ఆకులు పసుపుమచ్చలు తేలి, కాయ నిలవకుండా చేనుకు చేను పోతుంది. ఆ తెగులును తట్టుకునే జన్యువును మినుములోకి పంపాలన్నది హైమ ప్రయత్నం. మోసుకెళ్ళేది మట్టిలో బతికే ఒక బాక్టీరియా. మొక్కకు గాయం కనపడితే అందులోంచి తన జన్యువును లోపలికి దూర్చే అలవాటు దానికి పుట్టుకతోనే ఉంది. దాని సంచిలో మనకు కావలసిన సరుకు పెట్టి పంపడమే శాస్త్రజ్ఞుల తెలివి.

అయితే అంతకుముందు మినపగింజ ఏ సూక్ష్మజీవీ అంటకుండా మొలకెత్తాలి. గింజల్ని పాదరసం మందు కలిపిన నీళ్ళలో కాసేపు ఉంచి, మరిగించి చల్లార్చిన నీళ్ళతో నాలుగైదుసార్లు కడిగి, సీసాలో జెల్లీలా గడ్డకట్టిన ఆహారం మీద ఒక్కొక్కటిగా పెట్టి మూత బిగిస్తారు. నాలుగో రోజుకి మొలక లేస్తుంది. పప్పుబద్దలు కలిసే చోట దాన్ని కోసి బాక్టీరియాకు అప్పగిస్తారు. ఈలోగా గింజకు బూజు పట్టిందా, ఆ సీసా పారబొయ్యాల్సిందే.

హైమ ఇదంతా ఓపిగ్గా చెబితే నూకరత్నం చేతులు తుడుచుకుంటూ విని ఒక్క ముక్కలో తేల్చేసింది.

"అంటే పిలిచిన చుట్టం ఒక్కడే లోపలికి రావాల. పిలవనోళ్ళకి తలుపెయ్యాల. అంతేగదండి?"

"అంతేనండి రత్నంగారూ," అంది హైమ. ల్యాబ్‌లో ఆమెను మీరు అని పిలిచేది హైమ ఒక్కతే.

పని త్వరగానే చేతికి వచ్చింది. జామ్ సీసాలు బ్రష్షుతో తోమడం, ఆరబెట్టడం, హైమ కలిపిన ఆహారాన్ని వేడిమీదే సీసాల్లో పొయ్యడం, అన్నిటినీ ఆటోక్లేవ్‌లో ఉడికించడం. ఆటోక్లేవ్‌ని ఆమె పెద్దకుక్కరు అనేది. ముల్లు పదిహేను దగ్గర నిలిచాక ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ ఎవరు పిలిచినా పలికేది కాదు. ప్రిన్సిపాల్‌గారు కబురు పంపినా కుక్కరు దిగాక వస్తానంది ఒకసారి.

చేరిన రెండో వారానికి స్టాఫ్‌రూమ్‌లో గుసగుస మొదలైంది, రత్నం దగ్గర చేపల వాసన వస్తోందని. గంప దించి అప్పటికి మూడు నెలలు. ఉతికిన చీర, తడి ఆరని జుట్టుతో రోజూ వచ్చేది. అయినా వాసన వచ్చేదట. ఎక్కడి మనిషో తెలిశాక పుట్టే వాసన అది, సబ్బుకు లొంగదు. గోదారికి ఎర్రనీళ్ళు తగిలి పులసలు పడుతున్న రోజులవి. ముక్కు చిట్లించినవాళ్ళలోనే ఇద్దరు, పక్కన ఎవరూ లేకుండా చూసి వచ్చి, మీ ఆయనకి పులస పడితే మాకో మాట చెప్పమని అడిగేవారు.

"ఆయ్, చెప్తానండి," అనేది నూకరత్నం. "కాపోతే వాసనొత్తాది మరి, చూసుకోండి."

చిక్కంతా ఆగస్టులో వచ్చింది. వేసవిలో హైమ గింజలు పెడితే ఇరవైకి పదిహేడు, పద్దెనిమిది శుభ్రంగా మొలిచేవి. ఇప్పుడు సీసాలన్నీ బూజే. నల్లది, పచ్చది, దూదిలా తెల్లగా పొంగేది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ అదే. మూడోసారి మందు ఘాటు పెంచి చూసింది. బూజు తగ్గకపోగా కొన్ని గింజలు మొలవడం మానేశాయి. బాక్టీరియా తయారుగా ఉంది, దానికి అందించడానికి ఒక్క మంచి మొలక లేదు. హైమ ముఖం చూడలేక నూకరత్నం ఆ కుళ్ళిన సీసాలన్నీ గబగబా తీసుకెళ్ళి ఉడకబెట్టి కడిగేసేది.

డిపార్ట్‌మెంట్ హెడ్ పార్థసారథిగారు వచ్చి వరసగా ప్రశ్నలేశారు. గింజలు ఎక్కడివి? అదే ఇంటివి. అంగట్లో దొరికే విత్తనానికి గులాబీరంగు పురుగుమందు పూసి ఉంటుంది గనక అది పనికిరాదు. నిడదవోలు దగ్గర ఒక ఊళ్ళో హైమకు వరసకు పెద్దమ్మ అయ్యే సంపూర్ణమ్మ, ఇంటి విత్తనాన్ని ఏళ్ళ తరబడి కాపాడుకుంటూ సాగు చేస్తుంది. ఏప్రిల్‌లో వాడినవి ఆమె పంపినవే, అవి అయిపోయాక జూలై ఆఖర్లో మళ్ళీ ఆమే డబ్బా పంపింది. మందు? అదే. నీళ్ళు? అవే. గది? అదే.

అన్నీ అవే అయినప్పుడు మారింది ఒక్కటే మిగిలింది. గాజు కడిగే మనిషి.

పార్థసారథిగారు చెడ్డవాడు కాదు. పాఠం చెబితే వెనక బెంచీ కూడా వినేది. కాని తప్పు ఎవరిదో తెలియనప్పుడు మనబోటి చదువుకున్నవాళ్ళ చూపు ఎటు పడుతుందో ఆయన చూపూ అటే పడింది. ఫలానా మనిషి పరిశుభ్రత ల్యాబ్‌కు తగినట్టు లేదు, వేరొకరిని ఇవ్వగలరు అని ప్రిన్సిపాల్‌కు ఒక లెటరు టైపు చేయించారు. పంపేముందు, మర్యాద తెలిసినవాడు గనక, ఒక శుక్రవారం నూకరత్నాన్ని పిలిచి చెప్పారు.

"ఇది క్లీన్‌గా ఉండాల్సిన చోటు రత్నం. నీ తప్పని అనడం లేదు. నువ్వు పెరిగిన వాతావరణం అలాంటిది," అన్నారు.

నూకరత్నం తల వంచలేదు. కొంగు సర్దుకుని నెమ్మదిగానే అంది.

"వాసన వేరండి, బూజు వేరండి. వాసన నాదే అనుకోండి, పోనీ. బూజు ఎవరిదో తేల్చుకుని అప్పుడు పంపండి కాయితం."

ఆయన లెటరును సొరుగులో పెట్టారు. వచ్చే శుక్రవారం దాకా ఆగుతానన్నారు. ఈ లోపల మొలకలు శుభ్రంగా వస్తే సరే, రాకపోతే లెటరు వెళ్తుంది.

తీసేస్తే కూలి పోతుంది, అది ఒక బాధ. చేపలామె ల్యాబంతా కుళ్ళబెట్టిందన్న మాట ఆ కాలేజీలో నిలిచిపోతుంది, అది ఆమెకు ఇంకా పెద్ద బాధ. తర్వాత వాళ్ళ పేటనుంచి ఎవరొచ్చి పని అడిగినా ఆ మాటే ఎదురొస్తుంది.

ఆ మధ్యాహ్నమే ఆమె రెండు సీసాలు చెరో చేత్తో పట్టుకుని హైమ ముందు పెట్టింది. ఒకదానిలో గింజ చుట్టూ నల్లటి బూజు. ఇంకొకటి ఖాళీ. ఖాళీ అంటే జెల్లీ ఉంది, గింజ లేదు. ఆహారం మిగిలినప్పుడల్లా ఇలాంటివి నాలుగైదు సీసాలు అరమీద ఉండిపోయేవి.

"ఈ రెండూ నేనే కడిగానండి. ఒకే కుక్కర్లో ఉడికినయ్యి. ఇది అరమీద కూర్చుని పదిహేను రోజులైంది, మచ్చ లేదు. నా చేతిలోనే బూజుంటే దీనికెందుకు పట్టలేదంటారు?"

హైమ ఆ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలోనే నేర్పే సంగతి అది. గింజ పెట్టని సీసాలు కూడా కొన్ని పక్కన ఉంచి చూడాలి. అవి అరమీద ఉన్నాయి, చూసిన మనిషే లేదు.

అంటే బూజు గింజతో వస్తోంది. మరి మందులో ముంచాక కూడా ఎలా బతుకుతోంది?

"ఇంకోటండి," అంది నూకరత్నం. "గింజలు కడిగే గాజుగిన్నెకి నెలరోజుల్నుంచి జిడ్డు పడతంది. ఎంత తోమినా నీళ్ళు బొట్లు బొట్లుగా జారిపోతన్నయ్యి. మీరు బజ్జీలు తిన్న చేత్తో ముట్టుకుంటన్నారేమో, చెబితే బాగోదని ఊరుకున్నాను."

హైమకు నవ్వు వచ్చింది, వెంటనే ఏదో తట్టింది. డబ్బా మూత తీసి గుప్పెడు మినుములు కాగితం మీద పోసి, వాటి మీద నీటిచుక్క వేసింది. చుక్క తామరాకు మీద నిలిచినట్టు గుండ్రంగా నిలిచి, దొర్లి పక్కకు పోయింది. ఇద్దరూ గింజలు ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఆముదం," అంది నూకరత్నం.

హైమ గింజల్ని మళ్ళీ కాగితం మీద పెట్టింది. గోదావరి జిల్లాలో పప్పుధాన్యం నిలవచేసే ఏ ఇంట్లోనైనా వానలు పడేముందు, పురుగు పట్టకుండా గింజలకు ఆముదం రాస్తారు. హైమ వాళ్ళమ్మ రాస్తుంది, వాళ్ళ అమ్మమ్మ రాసేది. చిన్నప్పుడు ఆ జిడ్డుచేతులు గౌనుకు తుడుచుకుని దెబ్బలు తిన్నది కూడా. ల్యాబ్‌లో అడుగుపెట్టాక మినుము ఆమెకు లాటిన్ పేరుగా మారింది, ఇంట్లో సంగతి తలపుకే రాలేదు. మందు నీళ్ళు గింజను ఎన్నడూ తాకనేలేదు. నూనె మీంచి జారిపోతూ ఉంటే, కింద బూజు హాయిగా కూర్చుంది.

అయినా తేల్చుకోవాలి కదా. శనివారం పొద్దున్నే ఇద్దరూ నిడదవోలు పాసింజరు ఎక్కారు. వంతెన మీద నూకరత్నం కిటికీలోంచి ఒకటే తొంగిచూసింది. అన్ని పడవల్లోనూ తమ పడవ ఏదో ఆమెకు తెలిసిపోయింది. పల్లంరాజు తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడట. హైమకు చుక్కల్లాంటి పడవలు తప్ప ఏమీ కనపడలేదు.

సంపూర్ణమ్మ అరుగు మీద చాట పట్టుకుని కూర్చుని ఉంది. సంగతి విని ముందు ఆశ్చర్యపోయి తర్వాత చిన్నబుచ్చుకుంది.

"రాయకుండా పంపుతానేంటే? ఏప్రిల్‌లో అంటే కళ్ళంలోంచి సరాసరి వచ్చినయ్యి కాబట్టి ఊరుకున్నాను. వానాకాలం, పురుగు పట్టదూ? మంచి గింజ ఏరి, గానుగాముదం తెప్పించి, ఒక్కో గింజకీ అంటేలా మర్దించి పంపాను. చుట్టాలింటికి ఒట్టి మినుములు పంపితే నన్నేమంటారు?"

"పెద్దమ్మా, తప్పు నాది. అడగాల్సింది," అంది హైమ.

"మీ సారుకి తెలీదా ఏంటి?"

"సారుకి మందు పేర్లు తెలుసు."

సంపూర్ణమ్మ లోపలికి వెళ్ళి సున్నుండలు పట్టుకొచ్చింది. హైమకు కుర్చీ వేసింది. నూకరత్నం అరుగు చివర కూర్చోబోతే ఆవిడే చాట పక్కకు నెట్టి, మోకాళ్ళ నొప్పులని చెప్పావు కదా గోడకి ఆనుకుని కూర్చో అంది. తింటూ ఉండగా ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం సున్నుండంత తియ్యగా లేదు.

"ఇందులో మీరేదో ఎక్కిస్తారు కదా. ఎక్కించాక ఆ విత్తనం నాదా, మీదా? కొత్త పత్తి విత్తనం ఏటేటా కొనుక్కోవాలని పేపర్లో రాశారు. నా మినుములు పట్టుకెళ్ళి నాకే అమ్మరు కదా?"

హైమ ప్రాజెక్టు కాగితాలన్నీ మనసులోనే తిరగేసింది. వాటిలో జవాబు లేదు. ఎన్ని పరిశోధనలు వచ్చినా ఆ ప్రశ్న ఆ అరుగు మీదే కూర్చుని ఉంది.

నూనె వదిలించే మందు హైదరాబాదునుంచి రావాలి, పది రోజులు పడుతుంది, శుక్రవారం లోపల కుదరదు అని హైమ దిగులుపడింది. నూకరత్నం విచిత్రంగా చూసింది.

"తలకి రాసుకున్న ఆముదం దేంతో వదులుద్దండి?"

సంపూర్ణమ్మ అప్పటికే లేచింది. కొట్టుగదిలోంచి దోసెడు కుంకుడుకాయలు తెచ్చి నూకరత్నం ఒళ్ళో పోసింది.

సోమవారం ప్రయోగం పెట్టారు. పార్థసారథిగారు దగ్గరుండి షరతులు చెప్పారు. ఇరవై గింజలు కుంకుడురసంలో పిసికి, నురుగుపోయే దాకా కడిగి, తర్వాత మందులో వెయ్యాలి. ఇంకో ఇరవై ఉన్నవి ఉన్నట్టే మందులో వెయ్యాలి. నాలుగు సీసాలు గింజ పెట్టకుండా పక్కన ఉంచాలి. మిగతా అంతా ఒకటే. సీసాలు మాత్రం ఈసారి వేరేవాళ్ళ చేత కడిగిద్దామా అన్నారాయన. న్యాయంగా ఉండాలనే అన్నారు. నూకరత్నం ఒప్పుకోలేదు.

"నేను కడగని సీసా ఒక్కటి కూడా ఉండకూడదండి. వేరేవోళ్ళు కడిగాక బాగా వచ్చిందనుకోండి, అది వాళ్ళ గొప్ప అయిపోద్ది. నా మాట అలాగే ఉండిపోద్ది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని సరేనన్నారు. ఆమె చెప్పింది తర్కం, అందులో ఆయన వంక పెట్టగలిగింది లేదు.

ఆ నాలుగు రోజులూ నూకరత్నం సీసాలు పెట్టిన గది అద్దం దగ్గరనుంచి కదల్లేదు. లోపలికి ఊరికే వెళ్ళకూడదు. బయటనుంచే ముక్కు అద్దానికి ఆనించి చూసేది. బుధవారం కుంకుడు వరసలో ఒక సీసాలో తెల్లచుక్క కనపడింది. ఆ పూట అన్నం సయించలేదు. ఇంటికెళితే పల్లంరాజు గుమ్మంలోనే అందుకున్నాడు. ఇరవై ఏళ్ళనుంచి చేపలు పడ్డాయా అని నువ్వు నన్నడిగేదానివి, ఇప్పుడు మినుములు మొలిచాయా అని నేను నిన్నడగాల్సి వస్తోంది, మన ఇల్లు ఏమైపోయింది అన్నాడు. ఆమె నవ్వేసి అప్పుడు కంచం ముందు కూర్చుంది.

శుక్రవారం పదిన్నరకు పార్థసారథిగారు, హైమ సీసాలు బల్లమీద రెండు వరసలుగా పెట్టారు. నూనెతో ఉన్న ఇరవైలో పద్దెనిమిదికి బూజు. కుంకుడురసంతో కడిగిన ఇరవైలో రెంటికే. మిగతా పద్దెనిమిదిలోనూ మొలకలు తెల్లటి కాళ్ళు జెల్లీలో దిగేసి, తలలు ఎత్తి నిలబడ్డాయి. గింజ పెట్టని నాలుగు సీసాలూ అద్దంలా ఉన్నాయి. హైమ నూకరత్నాన్ని అమాంతం వాటేసుకుంది. ఏ వాసనా వచ్చినట్టు లేదు.

పార్థసారథిగారు ఒక్కొక్క సీసా తిప్పి చూశారు. తొందరపడ్డానని ఒప్పుకున్నారు. సొరుగులోంచి లెటరు తీసి, ఇక దీంతో పనిలేదు అంటూ చింపబోయారు.

"చింపకండి," అంది నూకరత్నం.

ఆయన చేతులు ఆగిపోయాయి.

"చింపితే కాయితం పోద్ది. మాట పోదు కదండి. ఈ వారమంతా స్టాఫ్‌రూమ్‌లో ఆ మాట తిరిగింది. దాని కిందే రాయండి, బూజు దేనివల్ల వచ్చిందో. రాసి పైకి పంపండి."

"ప్రిన్సిపాల్‌గారికి ఇది వెళ్ళనేలేదు కదా రత్నం. వెళ్ళని దానికి సమాధానం దేనికి?"

"కాయితం వెళ్ళలేదండి. కబురెళ్ళింది. మొన్న ఆయన వరండాలో నన్ను చూసి పక్కకి తప్పుకున్నారు."

పార్థసారథిగారు లెటరును బల్లమీద పరిచారు. కుర్చీలో కూర్చుని పెన్ను తీశారు. గింజలకున్న ఆముదం పూతవల్ల బూజు వచ్చిందని నిర్ధారణ అయినది అని రాసి పక్కన సంతకం పెట్టారు. హైమ పైకి చదివింది. నూకరత్నం శ్రద్ధగా విని, అది నావల్ల కాదని లేదేంటండి అని అడిగింది. అది రాశారు. ఎవరు కనిపెట్టారో కూడా లేదేంటండి అని ఈసారి హైమ అడిగింది. పార్థసారథిగారు తలెత్తి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ముసిముసిగా నవ్వుతూ అదీ రాశారు. ఈసారి రత్నం అని కాక, శ్రీమతి నూకరత్నం అని రాశారు.

ఆఫీసు ప్యూను వచ్చి పట్టుకెళతాడులే అన్నారాయన. అక్కర్లేదంది నూకరత్నం. కాగితాన్ని మడతపడకుండా రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగి, స్టాఫ్‌రూమ్ ముందునుంచే నెమ్మదిగా నడుచుకుంటూ ఆఫీసుకు వెళ్ళింది. గుమ్మంలో కూర్చున్న గుమాస్తా ఏంటది అని చెయ్యి చాచాడు.

"నా గురించేనండి," అంది. "అయ్యగారిని కింద రాసింది కూడా చదవమనండి."